కరువు సీమలో అమెరికా విద్యార్థి: ఎవరొచ్చారు, ఏం చూశారు, ఏం మిగిల్చారు

మన పిల్లలు అమెరికా పోయి చదువుకోవడం మీద తెలుగులో కథలూ నవలలూ సినిమాలూ కుప్పలుగా ఉన్నాయి. 2023-24 విద్యా సంవత్సరంలో ఆ దేశంలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను వెనక్కి నెట్టి మనవాళ్లు మొదటి స్థానానికి వచ్చిన ఏడాది అది. ఎదురు దారిలో వచ్చేవాళ్లను మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు. అమెరికా విశ్వవిద్యాలయంలో ఎమ్మేనో పీహెచ్‌డీనో చేస్తూ, ఆ చదువు కోసమే మన నేల మీదికి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఊళ్లలో ఉండి, థీసిస్ రాసుకుని వెళ్లినవాళ్లు ఆరు దశాబ్దాలకు పైగా ఉన్నారు. వాళ్ల పుస్తకాలు ఆక్స్‌ఫర్డ్, హవాయి, ఇండియానా ముద్రణల్లో వచ్చాయి. ఆ ఊళ్లవాళ్లకు అవి చేరలేదు.

ఈ వ్యాసం అనంతపురం నుంచి ఆ చరిత్రను చూస్తుంది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, రెండు రుతుపవనాలకూ దూరంగా పడ్డ ఈ ఎర్రనేలల పీఠభూమికి వచ్చిన విద్యార్థులు ఎవరు? ఎందుకంత తక్కువ? వచ్చినవాళ్లు ఏం చూడగలిగారు? నాకు అర్థమైనంతలో ఈ ప్రశ్నలకు జవాబు విద్యార్థి తెలివితేటల్లో లేదు. స్కాలర్‌షిప్పు ఎవరిచ్చారు, తెలుగు ఎక్కడ నేర్చుకున్నాడు, ఏ నెలలో వచ్చి ఏ నెలలో పోయాడు అన్న మూడింటిలో ఉంది.

గోధుమల రూపాయలు

ముందు డబ్బు సంగతి. భారత, అమెరికా ప్రభుత్వాల మధ్య ఫుల్‌బ్రైట్ ఒప్పందం 1950 ఫిబ్రవరిలో కుదిరింది. 1957లో సోవియట్ స్పుత్నిక్ ఎగరగానే అమెరికా బెంబేలెత్తి, మరుసటి ఏడే జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చింది. తమ దేశంలో ఎవరూ నేర్వని భాషలు నేర్పడానికి విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చింది. తెలుగు ఆ గొడుగు కిందికి వచ్చింది. 1961లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ పుట్టింది.

దాని తొలి ఏళ్ల ఖర్చుకు ఆధారమైనవాటిలో పీఎల్ 480 రూపాయలు ముఖ్యం. 1954 నాటి ఆ చట్టం కింద అమెరికా మనకు గోధుమలు అమ్మి, ధరను రూపాయల్లోనే తీసుకునేది. ఆ రూపాయలు చాలావరకు ఇక్కడే ఖర్చు పెట్టాలి. అందులో కొంత పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్పులకు పోయింది. ఇంకొంతతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మన పుస్తకాలు కొని చికాగో, విస్కాన్సిన్, బర్కిలీ, పెన్సిల్వేనియా వంటి విశ్వవిద్యాలయాలకు పంపింది. అప్పటి తెలుగు నవలో, చిన్న పత్రికో ఇవాళ మన జిల్లా గ్రంథాలయంలో దొరక్కపోయినా విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఉన్న మాడిసన్‌లో దొరుకుతుందంటే కారణం ఇదే. రేషన్ షాపు ముందు క్యూ కట్టి అమెరికా గోధుమ తెచ్చుకున్నవాళ్లు అనంతపురం పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. తాము కట్టిన రూపాయి ఒక పరిశోధక విద్యార్థి గది అద్దెగా మారిందని వాళ్లకెవరూ చెప్పి ఉండరు. 1974 ఫిబ్రవరిలో అమెరికా రాయబారి మొయ్నిహాన్ 1,664 కోట్ల రూపాయల చెక్కు భారత ప్రభుత్వానికిచ్చి ఆ ఖాతాలో పెద్ద భాగాన్ని మాఫీ చేశాడు.

తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు

లీ లిస్కర్ రాసిన మాట్లాడే తెలుగు వాచకం 1963లో వచ్చింది. 1971లో వెల్చేరు నారాయణరావు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరాక మాడిసన్ పట్నం అమెరికాలో తెలుగుకు పెద్ద బడి అయింది. పల్నాటి వీరుల కథను గాయకుడు ఆలిశెట్టి గాలెయ్య నోట రికార్డు చేసి 1982లో అచ్చుకు తెచ్చిన జీన్ రోగేర్, రాయవాచకాన్ని 1993లో ఇంగ్లీషులోకి తెచ్చిన ఫిలిప్ వాగనర్, కాకతీయ శాసనాల మీద పనిచేసిన సింథియా టాల్బట్ అక్కడ చదివినవాళ్లే. తర్వాత చికాగో, టెక్సస్, పెన్సిల్వేనియాల్లోనూ తెలుగు చదువు సాగింది. ఎమరీలో తెలుగుకు ప్రత్యేక ఆచార్య పీఠమే ఉంది. ఆ పీఠంలో ఉన్న హర్షిత మృత్తింటి కామత్ విద్యార్థిగా కూచిపూడి గ్రామంలో పనిచేసి, 2019లో ఆ నాట్యంలోని స్త్రీ వేషం మీద పుస్తకం వేశారు.

పల్నాడు, ఓరుగల్లు, కూచిపూడి, తిరుపతి, హైదరాబాదు. ఈ పేర్ల వరస చూస్తే దారి ఎటు పోయిందో తెలుస్తుంది. విద్యార్థి అమెరికాలో నేర్చుకునేది పుస్తకాల్లోని శిష్ట వ్యావహారికం. దాన్ని సాన పట్టుకునేందుకు వచ్చేది హైదరాబాదుకు. అక్కడ సంపాదించిన స్నేహితులూ ఆచార్యులూ గ్రంథాలయాలూ అతన్ని ఆ చుట్టుపక్కలకే లాగుతాయి. అనంతపురం బస్టాండులో దిగేసరికి 'యాడికి పోతాండావు', 'వాన వస్తాండాది' అనే మాటల ముందు క్లాసులో తెచ్చుకున్న మార్కులు అక్కరకు రావు. మడకశిర పక్కకు పోతే సగం కన్నడం, కదిరిలో ఉర్దూ కలిసిన తెలుగు. చెవి అలవాటు పడేలోపు ఫెలోషిప్పులో రెండు మూడు నెలలు హరించుకుపోతాయి. కోస్తాకు పోయే విద్యార్థికి ఈ నష్టం లేదు.

మెట్ట సీమ మీద ఏం రాశారు

అయినా ఈ సీమ మీద పనికొచ్చే పని జరిగింది. దాన్ని నాలుగు పాయలుగా చూడొచ్చు.

మొదటిది చరిత్ర. 1958లో తిరుపతి ఆలయ ఆర్థిక వ్యవహారాల మీద చికాగోలో డాక్టరేట్ చేసిన బర్టన్ స్టెయిన్, మూడు దశాబ్దాల తర్వాత 1989లో థామస్ మన్రో మీద పుస్తకం రాశాడు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న మన్రో రైత్వారీని పెద్ద ఎత్తున అమలు చేసింది ఈ నేల మీద. బ్రూస్ రాబర్ట్ విస్కాన్సిన్ థీసిస్ బళ్లారి జిల్లా వ్యవసాయం మీద. 1882 దాకా అనంతపురం బళ్లారిలో భాగం కాబట్టి అది మన చరిత్ర కూడా. మెట్ట జిల్లాల్లో అంతా కొద్దిమంది ఊరి పెద్దల గుప్పిట్లోనే ఉండేదన్న అప్పటి వాదాన్ని ఆయన 1983లో ఒక పరిశోధన పత్రంలో తిరగదోడాడు. హంపీలో కార్లా సినోపొలి, కాథలీన్ మారిసన్ విద్యార్థులుగా మొదలుపెట్టిన పని విజయనగర పరిసరాల సర్వేగా ఎదిగింది. గుళ్లూ కోటలూ దాటి చెరువు కట్టల మీద, మెట్ట చేలలో, ఊరి దిబ్బల మీద నడిచిన సర్వే అది. రాజధాని తిండి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను అది ముందుకు తెచ్చింది. 1565 తర్వాత రాజధాని అయిన పెనుకొండ చుట్టూ, బుక్కపట్నం, ధర్మవరం చెరువుల చుట్టూ అలాంటి నడక ఇంకా జరగాల్సి ఉంది.

రెండోది ఊరి జీవితం. పాల్ హీబర్ట్ తండ్రి మెనొనైట్ మిషనరీ. హీబర్ట్ 1932లో శంషాబాదులో పుట్టాడు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి, మహబూబ్‌నగర్ జిల్లా కొండూరు మీద చేసిన పనిని 1971లో పుస్తకంగా వేశాడు. చిన్నప్పుడే తెలుగు విన్నవాడు కాబట్టి పలుకు కోసం తడుముకోలేదు. నాకు తెలిసినంతలో అనంతపురంలో ఏ ఊరికీ అలాంటి పుస్తకం దక్కలేదు.

మూడోది భక్తి. ఇక్కడ మాత్రం అనంతపురానికి అదృష్టం పట్టింది. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన కవి, పాత్రికేయుడు అఫ్సర్ మహమ్మద్ విస్కాన్సిన్‌లో పరిశోధన చేస్తూ నార్పల మండలం గూగూడును ఎంచుకున్నాడు. అక్కడి కుళ్లాయప్ప పీరు మొహర్రానికి ఊరూ వాడా కదులుతాయి. హిందువులు మొక్కులు చెల్లిస్తారు, గుండం తొక్కుతారు, పిల్లలకు కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. కుళ్లాయి రెడ్డి అన్న పేరు విని బయటి జిల్లావాడు ఆశ్చర్యపోవచ్చు గానీ ఈ సీమలో అది మామూలు పేరు. 2013లో ఆక్స్‌ఫర్డ్ వేసిన ఆయన పుస్తకం, పీర్ల పండగను అరకొర ఇస్లాంగానో కలగాపులగపు ఆచారంగానో తీసిపారేయకుండా, ఊరివాళ్లు తమ మాటల్లో చెప్పుకునే ధర్మంగా చదివింది. వచ్చినవాడికి తెలుగు అమ్మభాష. ఫాతెహా చదివే ఇల్లూ, గుడి గంట మోగే వీధీ రెండూ చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. మిగతావాళ్లు ఏళ్లు పెట్టినా రాని చనువు ఆయనకు మొదటి రోజే వచ్చి ఉంటుంది.

నాలుగోది వాన లెక్క. 1972లో పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మొదలైంది. 1975 నుంచి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరులతో పాటు మహారాష్ట్ర పల్లెల్లోనూ సర్వే చేసేవాళ్లను ఊళ్లోనే కాపురం ఉంచి, ప్రతి ఇంటి జమాఖర్చులూ రాయించింది. ఆ ఖాతాల మీద అమెరికాలో ఎన్నో పీహెచ్‌డీలు నడిచాయి. రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో రాసిన ప్రసిద్ధ పత్రం ఔరేపల్లి వంటి ఊళ్లలోని ఇళ్ల లెక్కలతో, కష్టకాలంలో ఊరివాళ్లు ఒకరికొకరు ఎంతవరకు ఆసరా అవుతారో కొలిచింది. 2003లో ఐసీఐసీఐ లాంబార్డ్, బేసిక్స్ సంస్థలు వాన బీమా మొదలుపెట్టాయి. అనంతపురంలో వేరుశనగకూ మహబూబ్‌నగర్‌లో ఆముదానికీ ఆ పాలసీలను ఎవరు కొన్నారు, ఎవరు కొనలేదు అని జేవియర్ జినే, టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ సర్వే చేశారు. ఇవి విద్యార్థుల థీసిస్సులు కావు, ఆచార్యులూ బ్యాంకుల ఆర్థికవేత్తలూ చేసిన పని. కానీ పేద దేశాల ఆర్థికశాస్త్రం చదివే అమెరికా విద్యార్థికి అనంతపురం పేరు మొదట తగిలేది వీటిలోనే.

ఆ సర్వే తేల్చింది వింటే మన రైతు నవ్వుతాడు. పుస్తక సిద్ధాంతం ప్రకారం నష్టానికి ఎక్కువ భయపడేవాడే బీమా ముందు కొనాలి. ఇక్కడ భయస్తులే తక్కువ కొన్నారు, ఎందుకంటే ఆ కొత్త కాగితం మీదే వాళ్లకు నమ్మకం లేదు. చేతిలో డబ్బాడనివాడు కొనలేదు. అమ్మే సంస్థతో ముందు నుంచీ పరిచయం ఉన్నవాడు కొన్నాడు. పరిహారం లెక్క కట్టేది వాన కొలిచే యంత్రం ఉన్న చోట పడిన వానను బట్టి. ఈ సీమలో వాన ఒక చేలో పడి పక్క చేలో పడదు. మీటరు దగ్గర కురిసి తన చేను ఎండితే రైతుకు పైసా రాదు. ఈ తేడాకు ఆర్థికశాస్త్రంలో పెద్ద పేరుంది. రైతుకు పేరు తెలియదు, నష్టం తెలుసు.

రోజువారీ బతుకు

ఇక విద్యార్థి ఇక్కడ ఎలా బతుకుతాడన్నది. ముందు కాగితాలు. పరిశోధన వీసా కావాలి, దానికి ఇక్కడి ఏదో ఒక విద్యా సంస్థ అనుబంధం కావాలి. ఆరు నెలలకు మించి ఉండే విదేశీయుడు దిగిన 14 రోజుల్లో పేరు నమోదు చేసుకోవాలి. జిల్లాల్లో ఆ అధికారి ఎస్పీయే. గది అద్దెకిచ్చిన యజమాని కూడా పోలీసులకు తెలియజేయాలి. చాలామంది యజమానులు ఆ మాట వినగానే గది లేదంటారు. దొరికిన గదికి కూడా షరతులుంటాయి: మాంసం వండకూడదు, పొద్దుపోయాక ఎవరూ రాకూడదు. వచ్చింది ఆడపిల్ల అయితే ఇంకో నాలుగు.

తర్వాత గుర్తింపు చిక్కు. విదేశీ ముఖం కనబడితే అనంతపురం పల్లెలో మొదటి ప్రశ్న, 'ఆర్డీటీకి వచ్చినారా, పుట్టపర్తికి వచ్చినారా?' 1969 నుంచి విన్సెంట్ ఫెర్రర్ నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఇళ్లు కట్టించింది, బడులు పెట్టింది, బత్తలపల్లిలో ఆస్పత్రి తెరిచింది. దాతలు స్పెయిన్ నుంచి వచ్చి పల్లెలు చూసి పోతుంటారు. పుట్టపర్తికి వచ్చే తెల్లవాళ్లు సత్యసాయి భక్తులు. మూడో రకం ఒకటుందని, ఊరికే ప్రశ్నలడిగి రాసుకుపోతుందని ఎవరూ ఊహించరు. దీని ప్రభావం పరిశోధన మీద పడుతుంది. ఇల్లు వస్తుందేమో అనుకున్నవాళ్లు నష్టాలే చెబుతారు. బ్యాంకు మనిషేమో అనుకున్నవాళ్లు అప్పులు దాస్తారు.

ఫారంలో 'నెలసరి ఆదాయం' అని ఒక గడి ఉంటుంది. దానికి వచ్చే జవాబు ఇలా ఉంటుంది: 'నెలకేడొస్తాది నాయనా, ఏటికడుగు. అదీ చెట్టు పెరికినాక చెప్తా.' అమెరికాలో తయారైన గడిలో ఈ జవాబు పట్టదు. విద్యార్థి పన్నెండుతో భాగించి ఒక అంకె వేస్తాడు. ఆ అంకె పట్టికలోకి ఎక్కాక ఇక దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

బస ఎక్కడన్నది మరో మెలిక. ఊళ్లో మేడ ఉన్నది రెడ్డి ఇల్లో, కమ్మ ఇల్లో అయి ఉంటుంది, అతిథి మర్యాదలూ అక్కడే ఎక్కువ. ఆ ఇంట్లో దిగినవాడు మాదిగ వాడలో కూర్చుని కూలి రేట్ల గురించి అడిగితే సగం మాటలే వినబడతాయి. వాడలోనే దిగితే మేడ తలుపు మూసుకుంటుంది. ఏ ఇంట్లో సంగటి తింటే ఆ ఇంటి కోణం నుంచే ఊరు కనబడుతుంది. దీన్ని దాటించేది స్థానిక సహాయకుడు. ఫారం నింపేదీ, యాస విప్పి చెప్పేదీ, పెద్దమనిషి కోపాన్ని చల్లార్చేదీ అతనే. థీసిస్‌లో అతనికి దక్కేది మాత్రం కృతజ్ఞతల పేజీలో ఒక వాక్యం.

ఉత్తర కార్తె దాకా ఉన్నదెవరు

అన్నింటికన్నా పెద్ద చిక్కు క్యాలెండరు. అమెరికాలో వేసవి సెలవులు మే నుంచి ఆగస్టు దాకా. ప్రాథమిక పరిశీలనకు విద్యార్థులు వచ్చేది అప్పుడే. అనంతపురంలో వేరుశనగ వేసేది జూన్, జూలైలలో. ఆగస్టులో చేలు పచ్చగా ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. పూత పూసి ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే పంట పోయినట్టే, కానీ అప్పటికి విద్యార్థి విమానం ఎక్కి ఉంటాడు. ఫుల్‌బ్రైట్ గ్రాంటు సాధారణంగా తొమ్మిది నెలలు. శీతాకాలం ముందు వచ్చినవాడు నూర్పిడి చూస్తాడు, విత్తు చూడడు.

ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు మనవాళ్లు. ఉత్తర కార్తె వచ్చేది సెప్టెంబరు నడుమ. అప్పటికీ వాన రాకపోతే తట్టాబుట్టా సర్దుకుని వలస పొమ్మని దాని అర్థం. కదిరి పక్క నుంచి కేరళకూ, మిగతా చోట్ల నుంచి బెంగళూరుకూ జనం కదిలేది ఆ తర్వాతే. అప్పులవాడు వచ్చేదీ, గొడ్డును సంతకు తోలేదీ ఆ తర్వాతే. కరువు సాగే కాలం ఇదే. దాన్ని చూడాలంటే విత్తు నుంచి మళ్లీ విత్తు దాకా ఉండాలి. ఇక్రిశాట్ ఖాతాలకు విలువ వచ్చింది ఊళ్లో మనిషి ఏడాది పొడవునా ఉన్నందుకే. తెలంగాణ పత్తి రైతుల మీద పనిచేసిన ఆండ్రూ ఫ్లాక్స్ సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం విద్యార్థిగా మొదలుపెట్టి, మళ్లీ మళ్లీ అవే చేలకు వచ్చాడు. 2019లో వచ్చిన ఆయన పుస్తకంలో రైతు ఏ విత్తనం ఎందుకు ఎంచుకుంటాడో తెలిసిందంటే ఆ రాకపోకలే కారణం.

పండగ మీద పరిశోధనకు ఇంత బెడద లేదు. మొహర్రం పది రోజులది, తేదీ ముందే తెలుస్తుంది. గూగూడు మీద మంచి పుస్తకం వచ్చి, నార్పల రైతు మీద రాకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

లెక్క తేలిస్తే

మేలు లేదనడం అన్యాయం. గాలెయ్య గొంతులోని పల్నాటి కథ, గూగూడు పీర్ల కథ ప్రపంచం చదవగలిగిన పుస్తకాలయ్యాయి. మన ఆచార్యులు చిన్నచూపు చూసిన జానపదానికీ మొక్కుబడులకూ విద్యా గౌరవం దక్కడంలో ఈ విద్యార్థుల పాలుంది. చెరువు కట్ట మీద నడిచిన పురావస్తు విద్యార్థి మన చరిత్రకారులకు కొత్త ప్రశ్న నేర్పాడు.

లోపం రెండు వైపులా ఉంది. వాళ్ల వైపు: అనంతపురం కరువును వాన అంకెగానో, మార్కెట్ ప్రయోగంగానో చూసినంతగా తెలుగులో రాసిన రాతగా చదవలేదు. సింగమనేని నారాయణ కథలూ, 2019 సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి 'శప్తభూమి' నవలా చదవకుండా ఈ సీమ మీద థీసిస్ రాయడం సాధ్యమే, రాస్తున్నారు కూడా. మన వైపు: శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 2018లో. వచ్చే విదేశీ విద్యార్థికి అనుబంధ పత్రం మీద సంతకం చేసి పంపడం దగ్గరే మన పని ఆగిపోతే, థీసిస్ తిరిగి రాలేదని అడిగే హక్కు మనకు ఉండదు.

ఇప్పుడు ఈ రాకపోకలే సన్నగిల్లుతున్నాయి. 2025లో అమెరికా విద్యాశాఖ, పీహెచ్‌డీ విద్యార్థులను విదేశాలకు పంపే ఫుల్‌బ్రైట్-హేస్ ఫెలోషిప్పుల ఆ ఏటి ఎంపికను రద్దు చేసింది. డబ్బు ఆగితే భాష తరగతులు ఆగుతాయి, అవి ఆగితే వచ్చేవాళ్లు ఇంకా తగ్గుతారు. కాబట్టి వచ్చే కొద్దిమంది విషయంలోనైనా మన విశ్వవిద్యాలయాలు కొన్ని షరతులు పెట్టుకోవాలి. అనుబంధం కావాలంటే ఒక పంట కాలం పూర్తిగా ఉండాలి. పని చేసిన సహాయకుడి పేరు పరిశోధన పత్రంలో సహ రచయితగా రావాలి. ఇంటింటి లెక్కల నకలు, పేర్లు తీసేసి, ఇక్కడి గ్రంథాలయంలో ఉండాలి. థీసిస్ సారం ముప్పై పేజీల తెలుగులో ఆ ఊరి పంచాయతీకి చేరాలి. బదులుగా మనం అనంతపురంలోనే మూడు నెలల సీమ తెలుగు తరగతి పెట్టొచ్చు. హైదరాబాదు చుట్టూ తిరిగే దారి అప్పుడు కొంతైనా ఇటు మళ్లుతుంది.

ఇవేవీ కష్టమైనవి కావు, ఖరీదైనవీ కావు. అడగాల్సింది మనం. అడగనంత కాలం అనంతపురం రైతు అమెరికా పట్టికల్లో ఒక వరుసగా ఉంటాడు, ఆ పట్టిక ఏం చెప్పిందో అతనికి తెలియకుండానే మరుసటి ఏడు విత్తనం వేస్తాడు.